మబ్బుల మీదికి బాతు ప్రయాణం

బుర్రి అనే ఉడుత దగ్గర నలభై వేరుశనగ గింజలున్నాయి. సరిగ్గా అన్ని గింజలు ఇస్తేనే అడవిబాతు ఎవరినైనా మబ్బుల మీదికి తీసుకెళ్తుంది. మొదట చిట్టెలుక ఎక్కింది. జంతువులన్నీ ఈలలు వేస్తూ, బాతు దిగాల్సిన చదును నేల మీదికే ఎగబడ్డాయి.

బాతు ఎగిరిన దగ్గర్నుంచీ బుర్రి అంకెలు లెక్కపెడుతోంది. రెండొందలకల్లా దిగాల్సిన బాతు, మూడొందలైనా పైనే తిరుగుతోంది. దాని రెక్కలు వాలిపోతున్నాయి.

"జరగండర్రా! అది దిగడానికి చోటేదీ?" అని అరిచింది బుర్రి.

"ఊరుకోవోయ్, అది విన్యాసం!" అంది కోతి.

బుర్రి తన గింజలన్నీ దూరంగా పొదల్లోకి విసిరేసింది. గుంపు అటు పరిగెత్తింది. బాతు, ఎలుక క్షేమంగా నేల మీద పడ్డాయి.

"ఇక నన్ను ఎక్కించు, మామా!"

"గింజలేవీ, అల్లుడూ?" అంది బాతు రొప్పుతూ.

"రోజుకి ఎనిమిది ఏరితే అయిదు రోజులు. ఆరో రోజు పొద్దున్నే వస్తా," అని బుర్రి వేరుశనగ చేను వైపు కదిలింది.