స్తంభం వెనక కౌంటరు

ఆ మనిషి మళ్ళీ వచ్చింది.

షట్టరు ఎత్తి ఎంతోసేపు కాలేదు. సాంబ్రాణి పొగ ఇంకా పైకప్పు కిందే తిరుగుతోంది. బోణీ కాలేదు.

మెట్లెక్కి వస్తున్న ఆమెను చూడగానే కోదండరాం మొహం చిట్లించాడు. పురసవాక్కంలోని ఆ చీరల అంగడిలో మొదటి అంతస్తుకు అతను సూపర్‌వైజరు. గోడౌను నుంచి ఇక్కడికి మారి ఏడాది కూడా కాలేదు.

మెట్ల దగ్గర కౌంటర్లో ఈ ఏడే చేరిన సింధూరి నవ్వు మొహంతో లేచింది. వచ్చినామె అటు చూడనైనా లేదు. నేరుగా పెద్ద స్తంభం చుట్టూ తిరిగి వెళ్ళి, దాని వెనకున్న కలైవాణి ముందు కూర్చుంది.

"కలై అక్క మహారాణి వచ్చేసినాదన్నా," సింధూరి కిసుక్కుమంది.

"నీ పని చూసుకోమ్మా."

స్తంభం వెనక నుంచి మాటలు వినిపిస్తున్నాయి.

"ఆ పచ్చది తియ్యి. ఊహూ, పూర్తిగా విప్పు. దాని పక్కన నేరేడుపండు రంగుది పరువు."

చీరలు కౌంటరు దాటి కిందికి జారేదాకా పరిపించింది. పక్కన ఇంకెవరో వచ్చి కూర్చోగానే లేచి, ఉత్త చేతులతో వెళ్ళిపోయింది.

రోజూ ఇదే తంతు.

బోణీ బేరం కొనకుండా లేచిపోతే ఆ రోజు అమ్మకం సాగదని అంగడి సొంతదారు, ముదలాళి గురుప్రసాద్ నమ్మకం. ఆయన తాతది కూడా అదే నమ్మకమట. కోదండరాంకి నమ్మకాలు ఎప్పుడో అరిగిపోయాయి. తిట్లు తినేది మాత్రం అతనే.

పైగా ఇది తమిళుల ఆడి నెల, తగ్గింపు అమ్మకాల కాలం. నెలాఖరుకు ఏ కౌంటర్లో అమ్మకం అందరికంటే తక్కువైతే ఆ కౌంటరు మనిషి ఇంటికే. ఎవరికి ఏ కౌంటరో నెల మొదట్లో అమ్మవారి పటం ముందు చీటీలు తీసి తేలుస్తారు. ఈసారి స్తంభం వెనకది కలైవాణికి పడింది.

కోదండరాం ఒకసారి నోరు తెరిచి చూశాడు.

"అయ్యా, ఆ స్తంభం వెనక మనిషి ఉండేదే కనపడదు. ఆమెకి కొంచెం చూసి..."

"ఏంది చూసేది?" అన్నాడు గురుప్రసాద్. "అవే చీరలు, అవే లైట్లు, అవే గంటలు. చీటీ కూడా ఆమె చేత్తోనే తీసినాది. అందరికీ ఒకే అవకాశం ఇచ్చినాను కోదండం. అమ్మేది కూడా నేనే అమ్మాల్నా?"

ఎనిమిదో క్లాసుతో బడి మానేసిన కోదండరాం తల ఊపి మెట్లెక్కాడు. ఆ మాటలో ఎక్కడో మోసం ఉందని ఏళ్ళ తరబడి అంగళ్ళలో నిలబడ్డ అతని మోకాళ్ళకి తెలుసు. నోటికే తెలియదు.

కలైవాణి మొగుడు ఎన్నూరులో లారీ మీది నుంచి పడి మంచం పట్టాడు. ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. తన చేతనైన సాయం ఒకటే అనుకున్నాడు కోదండరాం. ఈ పీడ వదిలించడం.

మరునాడు మెట్ల మీదే అడ్డం నిలబడ్డాడు.

"ఏమ్మా, చీర కొంటావా?"

"చూస్తానన్నా."

"రోజూ చూస్తానే ఉండావు. ఇదేమన్నా ఎగ్జిబిషనా? చూసేదానికి ఈడ ఇంతమంది ఉండారు కదా."

"నాకు ఆడనే కావాల."

"నోరులేనిది దొరికినాది నీకు. ఆమె ఉద్యోగం పోతాది నీ వల్ల, తెల్సునా?"

ఆమె ఏదో చెప్పబోయింది. స్తంభం వైపు చూసి ఆగిపోయింది. నిద్ర లేని కళ్ళు.

"పోకూడదన్నా," అని మాత్రం అని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కలైవాణి పరుగున వచ్చింది.

"ఎందుకన్నా పంపించేసినారు? రానీండన్నా!"

"నీ మంచికేనమ్మా. ఇంక కొనే బేరాలు చూసుకో."

కొనే బేరాలు రాలేదు.

జనం మెట్లెక్కడం, సింధూరి దగ్గరే ఆగిపోవడం. స్తంభం అవతలికి తొంగి చూసినవాళ్ళు కూడా మడత విప్పని చీరల మధ్య ఒంటరిగా నిలబడ్డ మనిషిని చూసి వెనక్కి తిరిగారు.

ఒకరు కూర్చుని విప్పించుకుంటున్న చోటికే పదిమంది చేరతారు. వయసంతా అంగళ్ళలో అరగదీసిన కోదండరాంకి అది తెలియని సంగతి కాదు. తెలిసీ తట్టలేదు.

తనే వెళ్ళి నాలుగు చీరలు పరిచాడు. ఎదురుగా మనిషి లేని చీరలు ఎవరో వద్దని విసిరేసి పోయినట్టున్నాయి.

కిందికి దిగి కొత్త వాచ్‌మన్‌ని అడిగాడు.

"ఆమె మళ్ళీ వచ్చిందా?"

"రెండు మూడు దినాలు వచ్చినాదన్నా. మీరు వద్దన్నారని నేనే తరిమేస్తిని. ఎదురుగా బస్టాపులో కాసేపు నిలబడి పోయినాది. ఇప్పుడు రాలా."

నెలాఖరు వచ్చింది. అందరూ అనుకున్న పేరే వచ్చింది.

కలైవాణి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటోంది. ఏడవలేదు. కోదండరాం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఎవరమ్మా ఆమె? మీ అక్కనా?"

"కాదన్నా. పేరు జెబ. అంబత్తూరు కంపెనీలో నైట్ డ్యూటీ. అది దిగి నేరుగా ఈడికి వచ్చేది."

"నీకోసరం అంత కష్టపడాల్సిన పనేముంది? ఆమె ఎవరో నాకు ముందే ఒక మాట చెప్పి ఉండకూడదా?"

కలైవాణి సంచి భుజానికి తగిలించుకుంది.

"చెప్పుంటే లోపలికి రానిస్తురా అన్నా? పోయినేడు ఇదే కౌంటర్లో నిలబెట్టి, నాకంటే తక్కువ అమ్మినాదని పంపించేసినారే, ఆ మనిషేనన్నా ఆమె."