డంపర్ రోబోకు మార్కులు

"పదికి నాలుగు," అంది సహస్ర.

ముత్యం ముఖం కందగడ్డయింది. ఓపెన్‌కాస్టు బొగ్గుగని వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లుగా ఫిట్టరు. నూరు టన్నుల డంపర్లు విప్పి బిగించిన మనిషి. సెలవులో ఇంట్లోనే ఉన్నాడు కదా అని, ఇంజనీరింగు చదివే కూతురు పొద్దున్నే ఒక డబ్బా తెచ్చి ముందు పెట్టింది. నూటపద్దెనిమిది ప్లాస్టిక్ ముక్కలు. బిగిస్తే బుల్లి డంపరు. మడతలు తిప్పితే రెండు కాళ్ల మీద నిలబడే రోబో. ఎల్లుండి కాలేజీలో ఎగ్జిబిషనని చెప్పింది.

"నాలుగేంది? నిలవడ్డది గదా!"

"మోకాలు వదులున్నది. భుజం సగమే తిరుగుతాంది. జడ్జీలు ఊకుంటరా? మొత్తం విప్పు బాపూ."

"మోకాలొక్కటి విప్పుత."

"మొత్తం."

విప్పాడు. మళ్లీ మొదలుపెట్టాడు. గోరంత పిన్ను రెండుసార్లు జారి మంచం కిందికి పోయింది.

"గివి చీమలు బిగించే సామాన్లు. మనుషులకు గాదు," అని గొణుగుతూ ఎడమచేత్తో అందుకున్నాడు.

"కుడిచేత్తో బాపూ. వీడియో తీస్తున్న. ఎడమచేత్తో చేస్తే మంచిగ కనవడది."

"నీ వీడియో పాడుగాను!"

అయినా చెయ్యి మార్చాడు. కాసేపటికి వేళ్లు విదిలించుకున్నాడు. "నొస్తున్నయే."

"డంపర్లు విప్పినోనివి, గీ అరకిలో బొమ్మకే నొస్తున్నయా?"

అంతే. ముత్యం మళ్లీ ముందుకు వంగాడు.

చాయ్ తెచ్చిన భార్య రమ, "తండ్రిని గంత సతాయిస్తవేందే!" అంది. సహస్ర తల్లికి కన్ను గీటింది.

ఈసారి ఆరు మార్కులొచ్చాయి.

"డంపర్ నుంచి రోబో అయ్యేటందుకు షిఫ్టు మొత్తం పట్టేటట్టున్నది. పదిసార్లు మార్చి చూపియ్యి."

ముత్యం మార్చాడు. నాలుగోసారికి తిట్టడం మానేశాడు. ఏడోసారికి, "ఆగు, గీ స్క్రూ ఇంకో అర చుట్టు తిరగాలె," అంటూ తనే చిన్న స్క్రూడ్రైవరు అందుకున్నాడు. పక్కన చాయ్ చల్లారిపోయింది. పదోసారి రోబో టక్కున లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తింది.

"తొమ్మిదిన్నర," అంది సహస్ర.

"ఆ అర మార్కు ఎందుకు కోసినవ్?"

"రేపు మల్ల చేస్తవని."

"రేపు సూడు బిడ్డా. పదికి పది ఎట్ల రావో నేనూ సూస్త!"

సహస్ర నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి పోయి, దవాఖానలోని ఫిజియోథెరపీ డాక్టరుకు మెసేజ్ పెట్టింది: "మేడం, బండి మీదికెల్లి పడి కుడిచెయ్యి విరిగినంక రెండు నెలల సంది వేళ్లు కదిలియ్యనని మొండికేసిన మా బాపు, మీరు చెప్పిన ఎక్సర్‌సైజులన్నీ ఇయ్యాల మూడు గంటలు చేసిండు, ఆయనకు మాత్రం చెప్పకుండ్రి."