చూసేదాకా

సుందరరాజు మూడో కాగితం కూడా చింపి బల్ల కింద పడేశాడు.

"ఇంకా కుదర్లేదా?" మజ్జిగ గ్లాసు బల్ల మీద పెడుతూ అడిగింది భార్య శకుంతలమ్మ.

"పోస్ట్‌మేను దగ్గర ఆగిపోయింది. వాడు ఉత్తరం ఎవరికివ్వాల? ఆ మనిషి ఒకేసారి నాలుగు చోట్ల ఉండాడు."

"నాలుగు చోట్ల ఎందుకు పెట్టినారు? ఒకచోట పెట్టకూడదా?"

అతను నాలుగో కాగితం ముందుకు లాక్కున్నాడు. తిరుపతిలో కాలేజీ పిల్లలకు పన్నెండేళ్లుగా ఫిజిక్సు చెబుతున్నాడు. ఎవరూ చూడనంతసేపు ఎలక్ట్రాను ఫలానాచోట ఉందని చెప్పలేమనీ, చూసినప్పుడే ఒకచోట తేలుతుందనీ ఏటా నల్లబల్ల మీద రాసి చెరుపుతుంటాడు. మనుషులకూ కుండలకూ కూడా అదే నియమమైతే ఎట్లా ఉంటుందని ఒక లోకాన్ని ఊహించి కథ రాశాడు. కిందటి వారం అది ఒక వారపత్రికలో అచ్చయింది.

అప్పటినుంచీ మనశ్శాంతి లేదు. "ఈరోజు ఎన్ని చోట్ల ఉండావప్పా?" అని తోటి లెక్చరర్లు నవ్వుతున్నారు. సంపాదకుడేమో రెండో భాగం సోమవారానికల్లా అందాలనీ, ఈసారైనా పాఠకులకు అర్థమయ్యేటట్టు రాయమనీ కార్డు ముక్క పంపాడు. ఈరోజు శనివారం.

వీధి తలుపు చప్పుడైంది. శకుంతలమ్మ వెళ్లి చూసి వచ్చింది.

"ఎవరో ఆమె. మీ కథ చదివిందంట."

"లేనని చెప్పు."

"ఉండారని చెప్పేసినానే."

వచ్చినామెకు నలభై ఏళ్లుంటాయి. చీర నలిగి ఉంది. చేతిలో గొట్టంలా చుట్టిన వారపత్రిక. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మాది పుత్తూరు అయ్యవారూ. నా పేరు మునిలక్ష్మి. పొద్దున బెంచీ మీద ఎవరో వదిలేసిపోయిన ఈ పుస్తకంలో మీ కథ చదివినాను. కింద మీ కాలేజీ పేరుంటే, ఇల్లు అడుక్కుంటా వచ్చినాను."

"నచ్చిందా?"

"అర్థం కాలా. అందుకే వచ్చినాను."

సుందరరాజు కలం మూత పెట్టాడు. "అడుగమ్మా."

"ఆ లోకంలో మనిషి ఇల్లు దాటి పోతే, చూసేదాకా యాడున్నాడో తేలదని రాసినారు."

"తేలకపోవడం కాదు. ఎక్కడెక్కడ ఉండే వీలుందో అక్కడంతా ఉంటాడు."

"యాడున్నాడనేదేనా, ఎట్లున్నాడనేది గూడా అంతేనా?"

"అదీ అంతే."

"అయితే చూడకపోతే?"

"అన్ని రకాలుగానూ ఉంటాడు."

"ఎన్నాళ్లు?"

"చూసేదాకా. కథలో అదే రాసినాను కదమ్మా."

"చూడకుండా ఎన్నాళ్లయినా ఉండచ్చా?"

అతనికి విసుగు మొదలైంది. ఇట్లాంటి ప్రశ్నలకే నాలుగు రోజులుగా నిద్ర లేదు.

"అమ్మా, అది కల్పన. మన లోకం కాదు."

"తెలుసయ్యవారూ. ఆ లోకం గురించే అడగతా ఉండాను."

"నువ్వు చూడకపోతే ఇంకొకరు చూస్తారు. కళ్లున్నది ఒక్కరికేనా?"

దాంతో పోతుందనుకున్నాడు. ఆమె చేతిలోని పత్రికను ఇంకా బిగించి చుట్టింది.

"చూసినారనుకోండి. కానీ ఆ మనిషెవరో వాళ్లకు తెలీదు. పేరు తెలీదు, ఊరు తెలీదు. అట్లా చూస్తే తేలినట్టేనా?"

సుందరరాజు కలం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తన లోకంలో ఇంత పెద్ద చిల్లు ఉందని అతనికే తెలియదు. ఒక పక్క ఆశ్చర్యం, ఇంకో పక్క ఒళ్లుమంట.

"చూడ్డమంటే చూడ్డమే. తెలిసిన చూపు, తెలియని చూపు అని ఫిజిక్సులో లేదు."

"ఫిజిక్సులో వద్దు. మీ లోకంలో చెప్పండి. అది మీరు చేసిందే గదా. మీరు ఎట్లంటే అట్ల."

గడియారం మూడున్నర చూపిస్తోంది. ఆమెను ఎట్లాగైనా పంపించాలి.

"సరే, తేలదు. తెలిసిన మనిషి చూసేదాకా తేలదు. చాలునా?"

"అట్లనే రాస్తారా?"

"రాస్తాను."

"ఇప్పుడే రాయండి అయ్యవారూ."

పళ్లు కొరుక్కుంటూ కొత్త కాగితం తీసి ఆ ఒక్క వాక్యం రాసి ఆమె ముందుకు తోశాడు. మునిలక్ష్మి పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది. అప్పుడు కూర్చుంది కుర్చీలో. శకుంతలమ్మ ఇచ్చిన మంచినీళ్లు గడగడా తాగేసింది.

"ఇంకొంచేపు ఈడనే కూర్చుంటాను. మీకు అడ్డం రాను."

"నాకు పనుందమ్మా. ఇది రాసి పంపాల."

ఆమె లేచింది. దణ్ణం పెట్టి, వాకిట్లో చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

"కాసేపు కూర్చుంటే ఏం పోయె," అంది శకుంతలమ్మ.

"కూర్చుంటే ఇంకో పది ప్రశ్నలు."

విచిత్రంగా ఆ వాక్యంతో కథ కదిలింది. పోస్ట్‌మేనుకు ఆ మనిషి తెలియదు కాబట్టి వాడు చూసినా ఏమీ తేలదు. ఉత్తరం నాలుగు గుమ్మాల్లోనూ పడుతుంది. ఎవరో దారిన పోయే ఆమె వచ్చి తన ముడి విప్పిపోయిందన్న ఉక్రోషంతోనే రెండు పేజీలు నింపాడు.

మళ్లీ తలుపు చప్పుడు. ఈసారి విసురుగా తనే లేచాడు. గుమ్మంలో పోలీసు కానిస్టేబులు, సైకిలు గోడకు ఆనించి చెమట తుడుచుకుంటున్నాడు.

"పుత్తూరామె ఒకామె ఈడికి వచ్చిందా సార్? ఫిజిక్సు అయ్యవారి ఇల్లు యాడని అడిగిందంట."

"వచ్చింది. ముప్పావు గంట నా ప్రాణం తీసి ఇందాకే పోయింది. ఏం చేసిందేమిటి?"

"ఏమీ చేయలా సార్. పొద్దున్నించి పెద్దాసుపత్రిలో ఆమె కోసరం కాచుకోనుండాము."

"ఎందుకు?"

"రోడ్డు మీద దొరికిన శవం వాళ్లాయనదో కాదో ఆమె చూసి చెప్పాల."