పొదలో సెక్రటరీ గారు

చేపలు పట్టే పోటీకి ఇంకా వారం ఉంది. పోటీ కమిటీ సెక్రటరీ గారు తెల్లారకముందే లేచి స్వెటర్ తగిలించుకున్నారు.

"ఈ వయసులో పొదల్లో దూరడమేంటండీ? నలుగురూ చూస్తే నవ్విపోతారు," అంది భార్య, ఫ్లాస్కు చేతికిస్తూ.

"చూడకూడదనే కదే పొద!"

రూలు ఒక్కటే. పోటీకి ముందు వారం రోజులూ పోటీదారులెవరూ చెరువు ఛాయలకు రాకూడదు. నిరుడు ఎవడో ముందే వచ్చి, చేపలు ఎక్కడ తిరుగుతున్నాయో చూసుకుని, కప్పు ఎగరేసుకుపోయాడని పెద్ద గొడవైంది. ఈసారీ అలా జరిగితే పదవి వదులుకోమని కమిటీ మొహం మీదే చెప్పింది. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన పదవి అదొక్కటే. అదీ పోతే ఇంక తనను పలకరించేదెవరు?

పేర్లు పోటీ రోజు పొద్దున గట్టు మీదే రాసుకుంటారు. కాబట్టి ఎవరు దిగుతారో ముందు తెలీదు. అందరి మీదా అనుమానమే. మోటార్ మెకానిక్ మీద మరీను.

"ముందే చూసొస్తే మాత్రం చేపలు పడతాయా సార్? వాటి బుద్ధి రోజుకో రకం," అన్నాడతను మొన్న, ఎవరూ అడక్కుండానే.

అడక్కుండా చెప్పాడంటే ఏదో ఉంది.

మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. చెరువు గట్టు పొదలోకి దోమలు మాత్రం ఠంచనుగా వచ్చాయి.

ఎనిమిదింటికి సెలూన్ కుర్చీలో కూలబడి, రోజూ తన గడ్డం గీసే బార్బర్ దగ్గర కడుపులో ఉన్నదంతా కక్కేశారు.

"ఎంత టక్కరి వాడయ్యా ఆ మెకానిక్! ఆరున్నరకి పంపుగది వెనకాల చేపలు ఎగిరెగిరి పడుతుంటే, తొంగి చూడ్డానికైనా రాలేదు!"

"తల కాస్త ఎత్తండి సార్. తిండి దొరికితే ఎగరవూ?"

"తిండే! మేడిపండ్లు టపటపా రాలుతున్నాయి. రాలినవి రాలినట్టే మింగేస్తున్నాయి."

"పోనివ్వండి సార్. మీసం కూడా సరిచేయమంటారా?"

అయిదో రోజు గట్టు కింద రోడ్డు మీద మెకానిక్ బండి కనిపించింది. సెక్రటరీ గారు పొదలోంచి మెడ సాచారు. బండి ఆగలేదు. అతను చెరువు వైపు తల కూడా తిప్పలేదు.

"తిప్పలేదంటేనే తెలియడంలా?" అన్నారు కుర్చీలో, నురగ మూతితోనే.

"కదలకండి సార్, తెగుతుంది. చేపలు ఇవాళా అక్కడేనా?"

"అక్కడే! గడియారం పెట్టుకున్నట్టు ఆరున్నరకే!"

పోటీ రోజు ముప్పై మందికి పైగా గాలాలు వేసి కూర్చున్నారు. సెక్రటరీ గారి కళ్లు మాత్రం మెకానిక్‌ని వదల్లేదు. అతను అవతలి గట్టున ఎండలో చెమటలు కక్కి, చివరికి బెత్తెడు చేప ఒక్కటి పట్టాడు.

సెక్రటరీ గారు పొంగిపోయారు. మైకు లాక్కున్నారు.

"ఈ వారంలో ఒక్క పోటీదారు కూడా చెరువు గట్టెక్కలేదు. దానికి నాది పూచీ!"

కమిటీ చప్పట్లు కొట్టింది. హమ్మయ్య, పదవి నిలిచింది.

అంతలో తూకం దగ్గర కేక వినిపించింది. అన్నిటికన్నా పెద్దది ఆరు కిలోలు. ఆరున్నరకి, పంపుగది వెనకాల, మేడిపండు ఎర వేసి పట్టిందట.

సెక్రటరీ గారి చెయ్యి తెలీకుండానే నున్నటి గడ్డం మీదికి పోయింది.

కప్పు అందుకోవడానికి వినయంగా చేతులు తుడుచుకుంటూ వచ్చినవాడు, వారమంతా సెలూన్ గుమ్మం దాటకుండా ఆయన గడ్డం గీసిన బార్బర్.