ఛార్జింగ్ షెడ్డులో వెచ్చటి ఊపిరి

ఛార్జింగ్ షెడ్డులో పులి మూతి తుడవబోతే, దాని ఊపిరి హైమావతి చేతికి వెచ్చగా తగిలింది.

ఆ అడవిలో అసలు పులులు అంతరించి ఏళ్లయింది. సఫారీలో తిరిగేవన్నీ బ్యాటరీతో నడిచే మరపులులే. కాసేపట్లో బడిపిల్లలు వచ్చి వాటి వీపుల మీదెక్కి ఫొటోలు దిగుతారు.

ఆమె చప్పుడు కాకుండా వెనక్కి నడిచి, బయట గడియ పెట్టింది.

"అంకన్నా, లోపల ప్రాణమున్న పులి నిద్రపోతోంది! పిల్లల బస్సు గేటు దగ్గరే ఆపించు!"

మెకానిక్ అంకన్న ఫోన్ చేసి ఆపించాడు. కానీ ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే తెలుసా? పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టేదాన్ని కదయ్యా!"

"నేనే పిలిచానమ్మా. నీకు చెప్పేలోపే నువ్వు లోపలికెళ్లావు. ఒక్కటైనా మిగిలిందేమోనని, మరపులికి మగపులి గాండ్రింపు పెట్టి అడవిలోకి వదిలాను. దాని వెనకే వచ్చేసింది. ఆ ఇనుప మెడను నాకుతుంటే తరమడానికి మనసొప్పలేదు."