ముందు అద్దం

"కుళాయి కట్టెయ్యండి, మామయ్యా!" అరిచింది షుహ్వా.

"ఇంకా జానెడు నిండాలమ్మా. ఇంత తొట్టి తైనాన్ ఊరు మొత్తంలో లేదు!" పాత తొట్టి అద్దాలతో తనే అతికించిన పెద్ద చేపల తొట్టిని నిమిరాడు చియు. లోపల డ్రాగన్ చేప వెనక మూలకు ఒదిగింది.

ముందు అద్దానికి ఆమె స్కేలు ఆనించింది. నడుమ తగిలింది, రెండు చివర్లా సందు కనిపించింది. అద్దం ఉబ్బుతోంది.

"పాత జిగురు గీకేశారా?"

"పదేళ్ళు చుక్క కారనివ్వని జిగురది! ఎందుకు గీకుతాను? దానిమీదే కొత్తది పూశా."

ఎండిన జిగురు మీద కొత్తది పట్టదు. షుహ్వా స్కేలు పక్కన పడేసింది.

"భయమెందుకు? గండమేదైనా వస్తే మనకు బదులు డ్రాగన్ చేపే పోతుందంటారుగా," నవ్వాడాయన.

తొట్టి ముందు చాప మీద నిద్రపోతున్న పాపను ఆమె గబుక్కున ఎత్తుకుంది.

పాప వీపంతా చల్లటి నీళ్ళతో తడిసి ఉంది.