ఒక్క చుక్క నెత్తురు

వలలో నెమలి చిక్కిందని ప్రతాప్ ఫోన్ చేయగానే, సిరంజి సంచి పట్టుకుని జనగామలో జఫర్‌గఢ్ బస్సెక్కాను. జంతుశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఒకటే పని మిగిలింది: నెమలి క్రోమోజోములను కోడివాటితో పోల్చి, రెండు జాతులూ ఎక్కడ వేరయ్యాయో చూడటం. రెక్క కింద ఒక్క చుక్క నెత్తురు తీసి పక్షిని వదిలేయాలి. ఆ అనుమతికే అటవీశాఖ చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాను.

ప్రతాప్ నా క్లాసులో నిద్రపోయినవాడు. ఇప్పుడు మండలానికి నాయకుడు. వాడింటికి చేరగానే పక్షిని చూపమన్నాను.

"పిట్ట యాడికి వోదు. ముందుగాల తినుండ్రి సార్."

నాటుకోడి అని వడ్డించాడు. తింటూనే చెప్పాను, కోడీ నెమలీ దాయాదులేనని, పెద్ద క్రోమోజోములు పక్కపక్కన పెడితే తేడా పట్టడం కష్టమని. జీవితంలో మొదటిసారి వాడు శ్రద్ధగా విన్నాడు. మురిసిపోయి ఇంకో గరిటె వేయించుకున్నాను.

చేయి కడిగాక ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చాడు. నిండా నెత్తురు, పనికిరాకుండా గడ్డకట్టి.

"సుక్క గూడ కింద వడనియ్యలె సార్."

"పక్షి ఏదిరా?"

నా ఎంగిలి విస్తరి వైపు చూసి నవ్వాడు. "ఏంది సార్ గట్ల జూస్తరు? తేడా మీకే తెల్వలె గద!"

పెరట్లోకి పరుగెత్తి గొంతులో వేలు పెట్టుకున్నాను. ఏమీ రాలేదు.